రెండు రేకుల మధ్య ఆకర్షణ

ఆత్మకూరు బస్టాండు దగ్గర డేవిడ్‌రాజు గారని అడిగితే సగం మందికి తెలియదు. ఆకర్షణ సారు అంటే అందరికీ తెలుసు. ఆ పేరు వింటే నాకు నోట్లో చేదు ఊరుతుంది. అది ఆయన పెట్టుకున్న పేరు కాదు. ఒక మాటను ఇంకో మాటగా విన్న మనుషులు, ఆ తప్పును దిద్దకుండా దాని మీద బోర్డు కట్టిన ఒక మనిషి, అది చూసి కొన్నాళ్ళు నోరు మూసుకుని కూర్చున్న సారు, అందరూ కలిసి తెచ్చిన పేరు. ఆ రోజుల్లో నేను అదే గదిలో ఒక మూల కూర్చుని టైపు కొడుతుండేదాన్ని కాబట్టి రాస్తున్నాను.

డేవిడ్‌రాజు గారు ఉదయగిరిలో ఫిజిక్సు లెక్చరరు. సొంతూరు వరికుంటపాడు పక్క పల్లె. మా బాప్టిస్టు సంఘం మనిషే. పొట్టిగా, ఎప్పుడూ తెల్ల చొక్కాలో, జేబులో ఇంకు మరకతో ఉంటారు. వాళ్ళమ్మ రాహేలమ్మ వయసులో ఉన్నప్పుడు గూడూరు వైపు మైకా షెడ్లలో కూలి చేసింది. మైకా అంటే అబ్రకం. మా పల్లెల్లో కాకిబంగారం అంటారు. గనిలోంచి వచ్చిన పలకను కత్తితో పొరలు పొరలుగా చీల్చడం అక్కడ ఆడవాళ్ళ పని. ఆ పొరను రేకు అంటారు. కత్తి మొన అంచున పెట్టి కొంచెం తిప్పితే రేకు అద్దంలా లేచి వస్తుంది. అదే రేకును అడ్డంగా చీల్చబోతే వేలికి గుచ్చుకుంటుంది గానీ చీలదు.

చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని ఆయన అదే అడిగేవారట. "అమా, ఇట్ల లేచేది అట్లెందుకు లేవదు?"

"దేవుడు అట్ల చేసినాడు. నోరు మూసుకోని రేకులు తియ్యి" అనేదట రాహేలమ్మ.

ఆయన రేకులు తీశారు గానీ నోరు మూసుకోలేదు. ఉద్యోగం వచ్చి, తల నెరవడం మొదలయ్యాక, అదే ప్రశ్న పట్టుకుని ఒక విశ్వవిద్యాలయంలో పిహెచ్‌డీకి చేరారు. అయితే ఈసారి కత్తితో కాదు, లెక్కతో. రేకుకూ రేకుకూ మధ్య ఉన్న బలమెంత, వాటిని విడదీయాలంటే ఎంత శక్తి కావాలి అన్నది రాతిని ముట్టుకోకుండా కంప్యూటరులో కట్టి చూడటం. అమెరికాలోనూ జపానులోనూ చేస్తున్నారట. మన దగ్గర ఉదయగిరిలో ఒక మనిషి చేస్తున్నాడంటే నవ్వేవాళ్ళే ఎక్కువ. విశ్వవిద్యాలయంలో ఆయనకు మిషను దొరికేది కాదు. అక్కడి పిల్లల వంతు అయ్యాకే బయటివాళ్ళ వంతు.

తొంభై ఆరులో ఆత్మకూరులో పెంచలప్రసాద్ కంప్యూటర్ సెంటరు తెరిచాడు. ఒక గది, ఒక మిషను, ఒక ప్రింటరు, గోడకు రెండు పటాలు. నేను ఇంటరు మొదటి సంవత్సరంలోనే మానేశాను. మానిపించారు అనాలి. టైపు లోయరు ప్యాసయ్యాను కాబట్టి అక్కడ పనిలో పెట్టుకున్నాడు. పేరుకు అది కంప్యూటర్ శిక్షణ కేంద్రం. బతికింది మాత్రం జాతకాల మీద. పుట్టిన తేదీ, వేళ, ఊరు కొడితే ప్రింటరు గరగరమని నాలుగు కాగితాలు బయటికి నెట్టేది. చేత్తో రాసే అయ్యవారి జాతకం తప్పొచ్చు, మిషను జాతకం తప్పదని జనం నమ్మారు.

పెంచలప్రసాద్ గురించి ఎక్కువ రాయాలని లేదు. గుట్కా నమిలేవాడు. కిటికీలోంచి ఉమ్మితే సగం బయట పడేది, సగం కిటికీ ఊచల మీద కారేది. అదే చేతివేళ్ళతో కీబోర్డు మీద కొట్టేవాడు. పొద్దున నేను గుడ్డ తడిపి తుడిస్తే గుడ్డ ఎర్రగా అయ్యేది. ఆడవాళ్ళు వస్తే మాత్రం నోట్లో ఉన్నది మింగేసి "రాండమ్మా" అనేవాడు. అది చూడలేక నేను తల తిప్పుకునేదాన్ని.

అతనికి డిగ్రీ ఉన్న మనిషి కావాలి, బోర్డు మీద పేరు రాయడానికి. సారుకు మిషను కావాలి. శనివారాలు, సెలవు రోజులు సారు వచ్చి పిల్లలకు పాఠం చెప్పేటట్టు, మిగతా వేళ మిషను వాడుకునేటట్టు ఒప్పుకున్నారు. ఉదయగిరి బస్సు దిగి, చేతిసంచిలో ఫ్లాపీలు, అమ్మ కట్టిచ్చిన సద్ది, కాగితంలో చుట్టిన మైకా ముక్కలు తెచ్చుకునేవారు. ముక్కలు ఎందుకు సార్ అని అడిగితే, లెక్క విసుగొచ్చినప్పుడు చూసుకోవడానికి అన్నారు.

నన్ను ఎవరూ పలకరించని ఆ గదిలో ఆయన ఒక్కరే తను చేసే పనేమిటో నాకు చెప్పారు.

"చూడమ్మా జెస్సీ. ఒక్కో పరమాణువుకి ఒక చోటు ఇస్తాం. దాన్ని మిగతావన్నీ ఎంత లాగతా ఉండాయి, ఎంత నెడతా ఉండాయి అని మిషను కూడతాది. కూడి, రవ్వంత జరపతాది. జరిపి మళ్ళీ కూడతాది. గానుగెద్దు తిరిగినట్టు తిరగడమే."

"అన్నీ అంతేనా సార్?"

"మైకాలో ఉండే హైడ్రోజనొక్కటే పెంకిది. అన్నిటికంటే తేలిక. ఎంత చల్లార్చినా కుదురుగా ఉండదు. దాన్ని ఒక చుక్కగా పెడితే లెక్క తప్పతాది. ఇక్కడుండాది అని చెప్పలేం. ఇంత మేర పరుచుకోని ఉండాది అని చెప్పగలం. అదే క్వాంటం. అందుకని ఒక హైడ్రోజనుకి ఒక పూసల దండ పెడతాం. పూసకీ పూసకీ మధ్య స్ప్రింగు. దండ ఎంత విప్పారితే అది అంత మేర పరుచుకోని ఉండాదని అర్థం."

నాకు అంతా అర్థమయిందని చెప్పను. దండ మాత్రం కళ్ళ ముందు కనిపించింది.

పెద్ద లెక్క ఒకటి నడపాలంటే మూడు నాలుగు వారాలు, జాతకాలు లేని వేళంతా మిషను తిరగాలి. మధ్యలో ఆపినా, కరెంటు పోయినా, ఎక్కడ ఆగిందో అక్కడినుంచి మొదలయ్యేటట్టు సారు ఏర్పాటు చేసుకున్నారు. దానికి ముందు ఒక చిన్న లెక్క ఉండేది. అది టీ తాగి వచ్చేలోపు అయిపోయేది. మిషను సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి అది. ఎన్నిసార్లు నడిపినా మూడువందల డెబ్బై రెండు రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు. ఆ సంఖ్య రాగానే సారు ఊపిరి పీల్చుకుని పెద్ద లెక్క మొదలుపెట్టేవారు. చిన్న లెక్క కాగితం మీద, పైన రెండు వరసల్లో పై రేకు, కింద రేకు అని ఇంగ్లీషు అక్షరాల్లో పడేది. కింద ఆకర్షణ ఎంత, వికర్షణ ఎంత, చివర మొత్తం.

ఒక శనివారం మర్రిపాడు నుంచి పోలేరమ్మ అనే ఆవిడ వచ్చింది. కొడుకు నాగరాజు బద్వేలు రోడ్డులో లారీ నడుపుతాడు. కోడలు పుట్టింటికి పోయి రావడం లేదు. కొడుకు జాతకంలో దోషమేందో చూపించుకుందామని వచ్చి, మరో ఇద్దరాడవాళ్ళతో బల్ల మీద కూర్చుంది. కరెంటు వచ్చేదాకా ఆగాలి కాబట్టి అందరం ఖాళీగా ఉన్నాం. సారు నాకు చెబుతున్నారు, రేకుల్ని ఎంత దగ్గరికి తెస్తే ఆకర్షణ ఎట్లా పెరుగుతుందో, అందులో పూసల దండ ఎక్కడొస్తుందో.

పోలేరమ్మ చెవులు నిక్కించి వింది. "ఏ ఇద్దరికి సారూ?"

"ఇద్దరేందమ్మా, రెండు రేకులకి."

"రేకులకి ఆకర్షణా?"

"ఆ. ఎంత దూరంలో ఎంత ఆకర్షణ ఉంటాదో మిషను చెప్తాది. మరీ దగ్గరకి పోతే వికర్షణ మొదలవతాది."

"అది చెప్పేదానికి మిషనెందుకు సారూ, కాపురం చేసిన ప్రతిదానికీ తెలుసు" అంది పక్కనున్న ఆవిడ. బల్ల మీద ముగ్గురూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

పోలేరమ్మ నవ్వు ముందుగా ఆగింది. "దండ గూడా ఉంటాదన్నారు?"

"దండ హైడ్రోజనుకి" అన్నారు సారు, మనిషి ఏం అడుగుతోందో చూడకుండా.

మా వైపు రేకు అంటే ముందు తోచేది రాగిరేకు. విడిపోయిన మొగుడూ పెళ్ళాలను కలపాలంటే మంత్రం వేసేవాడు రెండు రాగిరేకుల మీద గీతలు గీసి, తాయెత్తులో చుట్టి, ఒకటి వాడికి ఒకటి ఆమెకి కట్టిస్తాడు. ఆ పనికి ఆకర్షణ అని పేరు. రెండు రేకులు, ఆకర్షణ, పూసల దండ, పైన పెద్ద చదువుల సారు. పోలేరమ్మకు వేరే ఏమీ వినిపించే వీలు లేదు. ఆమెను నేను తప్పు పట్టను.

పెంచలప్రసాద్‌కు మాత్రం రెండు అర్థాలూ తెలుసు. వాడు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. నోట్లో ఉన్నది మింగాడు. సారు బస్సుకు వెళ్ళాక పోలేరమ్మను మళ్ళీ పిలిపించాడు.

"నీ కొడుకు పేరు, కోడలి పేరు చెప్పుమా."

"నాగరాజు. దాని పేరు అంజలి."

వాడు చిన్న లెక్క తెరిచి, పై రేకు ఉన్న చోట నాగరాజు, కింద రేకు ఉన్న చోట అంజలి అని రెండు వేళ్ళతో కొట్టాడు. ఆ విద్య నాకు తెలిస్తే ఎదురు కొట్టు పెడతానని భయమో ఏమో, ఆ పేర్లు ఎప్పుడూ తనే కొట్టేవాడు. ప్రింటరు కాగితం నెట్టింది. మూడువందల డెబ్బై రెండు.

"నూరు దాటితే గట్టి బంధం. నీ కోడలికి మూడింతలు పైనే ఉండాది. ఆ పిల్ల రాక ఎక్కడికి పోతాది" అన్నాడు. సారు సొరుగులో వదిలిన మైకా ముక్కల్లోంచి రెండు తీసి, ఎర్రదారం చుట్టి ఇచ్చాడు. పోలేరమ్మ రెండు చేతులూ పట్టి కళ్ళకద్దుకుంది. వారం తిరిగేలోపు రెండు కోళ్ళు తెచ్చి సెంటరు గుమ్మంలో కట్టేసింది. అవి రెట్టలు వేస్తుంటే వాడు నన్ను తుడవమన్నాడు.

తర్వాత బోర్డు వచ్చింది. 'కంప్యూటర్ ఆకర్షణ రేకు, సైన్సు లెక్చరరు గారి పర్యవేక్షణలో.' దుత్తలూరు నుంచి, అనుమసముద్రంపేట నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ప్రతి జంటకూ మూడువందల డెబ్బై రెండే. ఎవరి కాగితం వాళ్ళు మడిచి రవికలో పెట్టుకుని పోయేవాళ్ళు. పక్కవాళ్ళకు చూపిస్తే దిష్టి తగులుతుందని వాడే చెప్పేవాడు.

బోర్డు కట్టిన తర్వాతి శనివారం సారు దాన్ని చూశారు. ముఖం పాలిపోయింది. లోపలికి వచ్చి, "ఏంది పెంచలప్రసాద్ ఇది?" అన్నారు.

"మీ లెక్క మీది సారూ, నా బోర్డు నాది. మీరు దేంట్లోనూ కలగజేసుకోబళ్ళా."

"నా పేరు పెట్టినావు గదా."

"పేరేడ పెట్టినాను? లెక్చరరు అన్నాను. ఊళ్ళో మీరొక్కరేనా లెక్చరరు?" అని, కొంచెం తగ్గి, "మీకు గడువు జూనుకే గదా సారూ. వద్దంటే చెప్పండి. మిషను జాతకాలకే పెట్టుకుంటా" అన్నాడు.

సారుకు ఇంకా రెండు పెద్ద లెక్కలు మిగిలి ఉన్నాయి. పూసల దండలతో ఒకటి, దండలు లేకుండా ఒకటి. రెండింటి తేడాయే ఆయన పిహెచ్‌డీ. ఆ తేడా చూపకపోతే చేసిందంతా పాతవాళ్ళు చేసినదే. జూను దాటితే పేరు కొట్టేస్తారు, మళ్ళీ చేరనివ్వరు. సారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చిన్న లెక్క నడిపారు. మూడువందల డెబ్బై రెండు వచ్చింది. పెద్ద లెక్క మొదలుపెట్టారు.

నేను చూస్తూ ఉన్నాను. పెంచలప్రసాద్ ఉమ్మి మీద కలిగే అసహ్యం వేరు, అది తుడిస్తే పోతుంది. ఆ పూట సారు వంచిన తల మీద కలిగింది తుడిచినా పోలేదు.

అంజలి నాకు తెలుసు. ఆత్మకూరు చెరువు కట్ట కింద వాళ్ళ గుడిసెలు. పదో తరగతి దాకా నా బల్ల మీదే కూర్చుంది. వాళ్ళ నాయన తిరుపాలు చెరువులో చేపలు పడతాడు, లేని రోజుల్లో కూలికి పోతాడు. నాగరాజు తాగి, ఆమె చెవి కమ్మను పట్టి లాగాడు. చెవి తమ్మె రెండుగా చీలింది. కుట్లు వేయించుకుని పుట్టింటికి వచ్చేసింది. తిరుపాలు మొదట్లో గట్టిగానే ఉన్నాడు. పోలేరమ్మ కాగితం తెచ్చి చూపించాక మెత్తబడ్డాడు. చదవడం రాదు, కానీ కాగితం మీద కూతురి పేరు ఇంగ్లీషులో ఉంది. మిషను అబద్ధమాడదు. ఆదివారం మధ్యాహ్నం పెద్దలు కూర్చుని పిల్లను పంపించేటట్టు నిర్ణయమైపోయింది.

ఇది నేను దానికి ముందు రోజు, శనివారం, సారుకు చెప్పాను. నాకు మాటలు సరిగ్గా రావు. చెప్పడానికి చాలాసేపు పట్టింది.

సారు తెర వైపే చూస్తూ విన్నారు. "వచ్చే నెల దాకా ఆగితే బాగుండు జెస్సీ. ఈ లెక్క ఒకటి అయిపోతే..."

"పెద్దలు కూర్చునేది రేపు సార్."

పెంచలప్రసాద్ రిబ్బన్ల కోసం నెల్లూరు పోయి ఉన్నాడు. గదిలో ప్రింటరు చప్పుడు కూడా లేదు. అప్పుడు అంజలే వచ్చింది. కొంగు తల మీదుగా చెవి కప్పేటట్టు వేసుకుంది. చేతికి ఎర్రదారం, దానికి మైకా ముక్క. నన్ను చూసి తలూపి, సారు ముందు నిలబడింది.

"సారూ, మీరేనా ఆకర్షణ సారు?"

ఆ మాట మొదటిసారి ఆయన ముఖం మీద పడటం నేను చూశాను. ఆయన తెర వైపు తిరిగారు.

"నా లెక్క మళ్ళీ వెయ్యండి సారూ. తక్కువ వచ్చేటట్టు వెయ్యండి. నూటికి తక్కువొస్తే నాయన పంపడు."

"అది నీ లెక్క కాదమ్మా. రాళ్ళ లెక్క."

"రాళ్ళదైతే నా పేరెందుకుండాది?" రవికలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. చెమటకు తడిసి, మడతల దగ్గర చిరిగి ఉంది. సారు దాన్ని చూశారు. ఆయన లెక్క, ఆయన అక్షరాలు, ఆయన సంఖ్య.

"ఆ చేతికుండేది నా మైకా" అన్నారు మెల్లగా.

"రెండిచ్చినాడంట మా అత్తకి. కాగితం తెచ్చిన పూటే ఒకటి నాకు కట్టింది. రెండోది నూరి మజ్జిగలో కలిపి తాపింది, లోపలికి పోతే గట్టిగా పనిచేస్తాదని. గొంతులో గాజుపెంకులు దిగినట్టుండాది సారూ. ఇప్పటికీ గుటకేస్తే గీరతాది."

సారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. ఊచల మీద కారిన ఎర్రని చారలు ఆయన ముఖానికి ఎదురుగా ఉన్నాయి. అక్కడ నిలబడలేక మళ్ళీ వచ్చి కూర్చున్నారు. వాళ్ళమ్మ షెడ్డులో పనిచేసిన రోజుల్లో మైకా పొడి నోట్లో పడితే నాలుక మీద రక్తం వచ్చేదని ఒకసారి నాతో అన్నారు. అది గుర్తొచ్చిందో లేదో నేను అడగలేదు.

తర్వాత నడుస్తున్న పెద్ద లెక్కను ఆపేశారు. రెండు వారాల నుంచి తిరుగుతున్నది.

"జెస్సీ, చిన్న లెక్క తెరువు. పైన పెంచలప్రసాద్ అని కొట్టు. కింద పోలేరమ్మ అని కొట్టు."

నేను కొట్టాను. కాగితం వచ్చింది. అంజలి దాని మీదికి వంగి సంఖ్య చూసింది. తన కాగితం చూసింది. మళ్ళీ దాన్ని చూసింది. అప్పుడు నవ్వలేదు. "థూ" అని మాత్రం అంది, చాలా నెమ్మదిగా.

"రేపు మధ్యస్థం ఎవరు?" అని సారు అడిగారు.

"కొండలయ్య తాత. మేస్త్రీ."

"ఆయన ఇంట్లో ఏముండాయి?"

"ఒక బర్రెగొడ్డుండాది" అంది అంజలి, ఎందుకడుగుతున్నారో తెలియక.

ఆదివారం ఆరాధన అయ్యాక సారు అదే తెల్ల చొక్కాతో చెరువు కట్ట కిందికి వచ్చారు. నేనూ వెళ్ళాను. తిరుపాలు గుడిసె ముందు మంచాలు వేశారు. కొండలయ్య నడి మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. నాగరాజు ఒక చివర కూర్చుని దువ్వెనతో తల దువ్వుకుంటున్నాడు. పోలేరమ్మ సాక్ష్యానికి పెంచలప్రసాద్‌ను కూడా తెచ్చింది. సారును చూడగానే వాడి దవడ ఆగిపోయింది.

"రా సారూ, నీ కోసమే చూస్తా ఉండాం. నువ్వొక మాట చెప్తే అయిపోతాది" అన్నాడు కొండలయ్య.

"ఆ కాగితం వీళ్ళది కాదు పెద్దాయనా. అది రాళ్ళకి వేసిన లెక్క. కాకిబంగారం రేకు ఒకటి ఇంకోదాన్ని ఎంత పట్టుకోనుండాది అని. మొగుడూ పెళ్ళాలకి సంబంధం లేదు."

పెంచలప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. "సారుది గొప్ప విద్య. గొప్పోళ్ళు ఒప్పుకోరు. మా సంఘంలో తెలిస్తే బాగుండదని మొహమాటం."

"అదీ నిజమే" అన్నారు ఒకరిద్దరు. "సిలువ కింద కూర్చునేవాళ్ళు రేకులు కట్టినామని చెప్పుకుంటారా."

సారు చెప్పినదాన్ని ఎవరూ వినడం లేదని నాకు అర్థమైంది. ఎంత కాదంటే అంత విద్య ఉందని నమ్ముతున్నారు. సారు జేబులోంచి కాగితాలు తీసి కొండలయ్యకు ఇచ్చారు. ఆయనకు చదవడం రాదు, పక్కన కూర్చున్న మనవడి వరస కుర్రవాడు అందుకుని పైకి చదివాడు.

"పెంచలప్రసాద్. పోలేరమ్మ. మొత్తం మూడువందల డెబ్బై రెండు."

జనం గొల్లుమన్నారు.

"ఓరినీ, అదా సంగతి. అందుకనా కోళ్ళిచ్చింది?" అన్నాడు వెనకనుంచి ఎవడో. పోలేరమ్మ "నీ నోట్లో మన్ను పడ" అని తిట్టింది. పెంచలప్రసాద్ లేచాడు, ఎవరో చొక్కా పట్టి కూర్చోబెట్టారు.

"ఇంకోటి చదవరా."

"కొండలయ్య. బర్రెగొడ్డు." వాడు ఆగాడు. "మూడువందల డెబ్బై రెండు."

ఈసారి నవ్వులు చెరువు కట్ట మీదికి వినిపించాయి. "తాతా, నూరు దాటితే గట్టి బంధమంట. అవ్వకి చెప్పమాకు" అన్నారు. కొండలయ్య మొదట ఎర్రబడ్డాడు. తర్వాత తనూ నవ్వాడు, పళ్ళు లేని నోరంతా తెరిచి.

"నా కాగితం గూడా అంతే గదా" అని తిరుపాలు గుడిసె గుమ్మంలోంచి అన్నాడు. పేపరు తీసి సంఖ్య మీద వేలు పెట్టి, చదివిన కుర్రవాడికి చూపించి, రెండూ ఒకటేనని చెప్పించుకున్నాడు. మళ్ళీ చెప్పించుకున్నాడు. తర్వాత ఇంక అతని ముఖం వైపు నేను చూడలేకపోయాను.

"కాగితాల గోల ఆపండి" అన్నాడు కొండలయ్య కళ్ళు తుడుచుకుంటూ. "పిల్లనడగండి. ఏమే అంజలీ, పోతావా?"

"పోను" అంది అంజలి.

"సరే అయితే. పోనంటే ఏం చేస్తాం" అన్నాడు కొండలయ్య. అంతే. పంచాయితీ అయిపోయింది.

అందరూ ఆమె గెలిచిందనుకున్నారు. నాకు మాత్రం అక్కడున్న ఒక్కొక్కరి మీదా రోత పుట్టింది. ఆ చీలిన చెవి మొదటినుంచీ అందరి ముందూ ఉంది. దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు. చెవి చూసి ఆగని మనుషులు బర్రెగొడ్డు పేరు విని ఆగారు. కొండలయ్యకు నవ్వు రాకపోయి ఉంటే ఆ సాయంత్రమే ఆమెను లారీ ఎక్కించేవాళ్ళు. నాగరాజు దువ్వెన జేబులో పెట్టుకుని లేచాడు. ఎవరూ అతన్ని ఒక్క మాట అడగలేదు.

జనం కదిలాక పోలేరమ్మ గుడిసె దగ్గరికి తిరిగి వచ్చింది. గొడవకు వచ్చిందేమో అనుకున్నాం.

"ఆ చేతికుండే రేకు మాది. ఇచ్చెయ్యి."

అంజలి దారాన్ని పళ్ళతో కొరికి తెంపి ఆమె అరచేతిలో వేసింది.

"అది ఉత్త రాయేనమ్మా" అన్నారు సారు.

"నీకు తెలీదులే సారూ" అంది పోలేరమ్మ, ఏ కోపమూ లేకుండా. "వాడికి ఇంకో సంబంధం చూడాల గదా." కొంగు అంచున ముడి వేసుకుని వెళ్ళిపోయింది.

సోమవారం నేను సెంటరుకు వెళితే పెంచలప్రసాద్ నన్ను లోపలికి రానివ్వలేదు. మిషనుకు వైరసు వచ్చిందని, సారు ఫైళ్ళన్నీ చెరిపేయాల్సి వచ్చిందని చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు. పళ్ళ సందులు ఎర్రగా ఉన్నాయి. ప్రోగ్రాము సారు ఫ్లాపీలో ఉంది. కానీ సగం నడిచిన లెక్కలు ఫ్లాపీలో పట్టేవి కావు, అవి పోయాయి. చిన్న లెక్క మాత్రం వాడు ఉంచుకున్నాడు. బోర్డు మీద లెక్చరరు అన్న మాట తీసేసి ప్రొఫెసరు అని రాయించాడు. గిరాకీ తగ్గలేదు. ఆ ఆదివారం చెరువు కట్ట కింద నవ్విన వాళ్ళలోనే ఇద్దరు తర్వాత అక్కడ బల్ల మీద కూర్చుని ఉండటం నేను చూశాను.

జూను వెళ్ళిపోయింది. సారు గైడు ఒక ఉత్తరం ముక్క కూడా రాయలేదట, పేరు కొట్టేశారంతే. సారు ఉదయగిరిలో పాఠాలు చెబుతూనే ఉన్నారు. ఈ మధ్య మా సంఘం కూటానికి వచ్చినప్పుడు, భోజనాల దగ్గర, బాధగా ఉందా సార్ అని అడిగాను. నేను అట్లాంటివి అడిగే మనిషిని కాదు.

"లేదని అబద్ధం చెప్పమంటావా? రోజూ బాధే" అన్నారు. "ఆ దండల లెక్క ఇంకొక్క వారం నడిచుంటే తేలిపోయేది. దండ వల్ల రేకుల మధ్య పట్టు తగ్గతాదా పెరగతాదా అన్నది నాకు ఇప్పటికీ తెలీదు. ఎవరో ఎక్కడో చేసేసుంటారు ఈపాటికి."

అంజలి ఎట్లా ఉందని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. నేనే చెప్పాను, అంగన్‌వాడీలో ఆయాగా చేరిందని, గొంతులో గీరడం తగ్గిందని, ఇంకో కమ్మ కొనుక్కుని చీలిన చోటుకు కొంచెం పైన చెవి మళ్ళీ కుట్టించుకుందని. ఆయన విన్నారు. ఆకులో మిగిలిన అన్నం కలుపుకుంటూ, "మజ్జిగ తాగతా ఉండాదా?" అన్నారు.

"తాగడం లేదు సార్. చూస్తేనే వాంతి వస్తుందంట."

సారు తల ఊపారు. వడ్డించే అమ్మాయి మజ్జిగ చెంబుతో వస్తే, ఆకు మడిచి లేచిపోయారు.